సెల్లార్‌లో తల్లిగారిల్లు

నేను కూడబలుక్కొని చదివిన మొదటి పెద్ద మాట ‘అగ్రరాజ్యం’. అప్పటికి నా వయసు నలభై దాటింది. పలక మీద అమ్మ, ఆవు, ఇల్లు అయిపోయి, ఒత్తుల దగ్గర తడబడుతున్న రోజులు. నాకు చదువు చెప్పింది మేము పనిచేసే అపార్టుమెంటు ప్రెసిడెంటు సారు. పొద్దున నడక ముగించుకొని వచ్చి, సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని పేపరు చదివేవారు. నేను కార్లు తుడవడం అయ్యాక పిలిచి, పెద్ద అక్షరాల మీద నా వేలు పెట్టించి చదివించేవారు.

“అగ్ర... రాజ్యం” అన్నాను ఆ రోజు.

“శభాష్. అంటే ఏంటో తెలుసా?”

“తెల్వదు సార్.”

“అందరికంటే పెద్ద దేశం. అమెరికా. ప్రపంచంలో ఎక్కడ గొడవ జరిగినా వెళ్ళి సర్దేది అదేనమ్మా.”

పక్కనే స్కూటరు తీస్తున్న మూడో అంతస్తు సారు నవ్వారు. “సర్దుడు గాదు సార్, దోసుకునుడు అని చెప్పుండ్రి. పిల్లకు తప్పు పాఠం చెప్పకుండ్రి.”

పెళ్ళైన కూతురున్న నన్ను పిల్ల అన్నందుకు నాకూ నవ్వొచ్చింది.

మా అపార్టుమెంటు నానక్‌రామ్‌గూడ పోయే దారిలో ఉండేది. చుట్టూ అద్దాల బిల్డింగులు ఒక్కొక్కటే లేస్తున్న కాలం. పాలమూరు వైపు మా ఊళ్ళో బోరు ఎండిపోయి, వానకు ఇల్లు కూలిపోయాక, నేనూ నా పెనిమిటీ ఇక్కడికొచ్చి వాచ్‌మన్ పనిలో చేరాం. సెల్లార్‌లో లిఫ్టుకూ నీళ్ళ సంపు మోటారుకూ మధ్య ఒక గది ఇచ్చారు. కిటికీ లేదు. ఎవరి కారు లోపలికొచ్చినా దాని లైటు తలుపు కింది సందులోంచి మా పక్కల మీద పాకేది. అయినా కిరాయి లేని గది. మాకు అదే ఇల్లు, వేరే ఇల్లు లేదు.

ప్రెసిడెంటు సారు కోస్తా నుంచి వచ్చినవారు. గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మూడో అంతస్తు సారుది వరంగల్ వైపు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ఆదివారం సాయంత్రం సెల్లార్‌లో కుర్చీలు వేసుకొని ఇద్దరూ అమెరికా గురించి వాదించుకునేవారు. మిగతావాళ్ళు చుట్టూ కూర్చొని వినేవాళ్ళు. నేను చాయ్ తెచ్చి ఇచ్చేదాన్ని.

“నువ్వు పొద్దుగూకులా చేసేది ఎవరి పనోయ్? అమెరికా వాళ్ళదేగా? వాళ్ళ జీతం తింటూ వాళ్ళనే తిడతావా?” అనేవారు ప్రెసిడెంటు సారు.

“జీతం ఇస్తే మా ఇంట్ల ఏం కూర వండాల్నో గూడ వాళ్ళే చెప్తరా సార్?”

“అందరూ సమానమే అనుకుంటే ఏ పనీ జరగదు. ఈ అపార్టుమెంటునే చూడు. నేను రాకముందు సంపు ఎవరు కడిగించారు? ఎవరో ఒకరు గట్టిగా నిలబడాలి. ప్రపంచమైనా అంతే.”

“మీకు మేము ఓట్లేసినం. అమెరికాకు ఎవడేసిండు?”

“వద్దనుకుంటే వద్దనండి. రేపు సముద్రంలో దొంగలు పడితే ఎవరికి ఫోన్ చేస్తారో చూద్దాం.”

“ఇరాక్‌ల బాంబులున్నయన్నరు. దేశమంతా తవ్వి చూసిన్రు. ఏం దొరికింది? సచ్చినోళ్ళు తిరిగొస్తరా?”

“ఉన్నాయేమోనని భయం. పిల్లలున్న ఇంట్లో పాము దూరిందేమోనని అనుమానం వస్తే ఊరుకుంటావా?”

“అనుమానమొస్తే పక్కోని ఇల్లు తగలవెడ్తమా సార్?”

అందరూ నవ్వేవాళ్ళు. ప్రెసిడెంటు సారు కూడా నవ్వేవారు. నాకు మాత్రం ఎవరు మాట్లాడితే వాళ్ళదే నిజమనిపించేది. సంపు మాట అబద్ధం కాదు. ఆయన రాకముందు నీళ్ళు కంపు కొట్టేవి. నా పెనిమిటికి జ్వరం ముదిరినప్పుడు సొంత కారులో దవాఖానకు తీసుకుపోయింది ఆయనే. నాకు పలక కొనిచ్చింది ఆయనే. అమెరికా అనగానే నా కళ్ళకు ఒక దేశం కనబడేది కాదు. మెడకు మఫ్లర్, కాళ్ళకు తెల్ల బూట్లు, చేతిలో పేపరు కనబడేవి. అలాంటి పెద్దమనిషి పక్కన ఉంటే మంచిదే కదా అనుకునేదాన్ని.

నా బిడ్డ కడుపుతో ఉందని తెలిశాక నా ఆలోచన మారడం మొదలైంది.

అది నిజాంపేటలో ఉండేది. అల్లుడు సెంట్రింగు పని చేసేవాడు. కడుతున్న బిల్డింగు పక్కనే రేకుల షెడ్డులో కాపురం. మాలో తొలి కాన్పు తల్లిగారింట్లోనే కావాలి. ఏడో నెల రాగానే పోయి, కొంగులో బియ్యం పోసి ఒడి నింపి, తోలుకొచ్చుకోవాలి. అది చేయలేని తల్లిని ఎవరూ ఏమీ అనరు గానీ, బిడ్డ మనసులో పడుతుంది. తల్లిగారిల్లు అంటే నాకున్నది ఆ సెల్లార్ గదే. ఆ గది నాది కాదు. అందుకని అడగాలి.

పేపరు చదువు అయ్యాక అడిగాను. ప్రెసిడెంటు సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“చూడమ్మా. నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇక్కడ దోమలు. కార్ల పొగ. పొద్దస్తమానం మోటారు చప్పుడు. పసిబిడ్డకి మంచిదంటావా? నీ కూతురి మంచికే చెబుతున్నా.”

“మంచిగ జూసుకుంట సార్. తొలిసూరు కద.”

“సరే, మీటింగులో పెడదాం. నా ఒక్కడి ఇష్టం కాదుగా.”

మీటింగు మా గది ముందే జరిగింది. చాయ్ పోస్తూ నేనక్కడే ఉన్నాను. పార్కింగు గీతల గురించి, చెత్త తీసే వేళ గురించి మాట్లాడుకున్నాక నా సంగతి వచ్చింది. దోమలు, పొగ, చప్పుడు, అన్నీ మళ్ళీ చెప్పారాయన. ఒకసారి ఒప్పుకుంటే ఇక వాచ్‌మన్ చుట్టాలందరూ దిగుతారని ఎవరో అన్నారు. వద్దనేవాళ్ళు చేతులెత్తమన్నారు. చేతులు లేచాయి. మూడో అంతస్తు సారు మొదట నేల చూశారు. తర్వాత ఆయన చెయ్యి కూడా లేచింది, సగం దాకా.

మరునాడు స్కూటరు దగ్గర దొరికితే ఆయనే మొదలుపెట్టారు. “ఏమనుకోకమ్మా. నేనొక్కన్నే కాదంటే ఏమైతది చెప్పు? వచ్చే నెల నాకు ఆ మూలకున్న పార్కింగు ఇస్తనన్నరు. ఇప్పుడు ఆయనతోని లొల్లి ఎందుకని...”

“పర్వాలేదు సార్” అన్నాను. ఇంకేమనాలి? అంత పెద్ద దేశాన్ని ప్రతి ఆదివారం ఎదిరించే మనిషి. అమెరికా దూరంలో ఉంది, ప్రెసిడెంటు సారు ఆయన ఇంటికి రెండు అంతస్తులు పైన ఉన్నారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. నేనూ పర్వాలేదనే అన్నాను కదా.

ఏడో నెల పోయింది. ఎనిమిదో నెలా పోయింది.

ఆలోపల తెలంగాణ కొట్లాట మా సెల్లార్ దాకా వచ్చింది. ఆదివారం కుర్చీలు రెండు చోట్ల పడసాగాయి. కోస్తా వాళ్ళు లిఫ్టు పక్కన, ఇటువాళ్ళు ర్యాంపు పక్కన. చాయ్ మాత్రం నేనే రెండు చోట్లకూ ఇచ్చేదాన్ని. సమ్మెలు, బంద్‌లు. బస్సులు నడవని రోజులే ఎక్కువ. కూకట్‌పల్లిలో ప్రెసిడెంటు సారు బంధువుల షాపు అద్దాలు ఎవరో పగలగొట్టారట. అప్పటినుంచి ఆయన పొద్దున నడకకు పోవడం మానేశారు. నా చదువు కూడా ఆగింది.

ఒకరోజు నా పెనిమిటిని పిలిచి గేటు తాళం అడిగారు.

“నువ్వు మంచివాడివే. నాకు తెలుసు. కానీ మీ వాళ్ళు వచ్చి తియ్యమంటే కాదనలేవు. ఆ ఇబ్బంది నీకెందుకు? బంద్ రోజుల్లో తాళం నా దగ్గరుంటే నీ మీదకి మాట రాదు.”

నా పెనిమిటి మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు. గదిలోకొచ్చి గోడకానుకొని కూర్చున్నాడు. “‘మీ వాళ్ళు’ అన్నడే” అన్నాడు. “ఇన్నేండ్లు ఆయన వాన్నే అనుకున్న.”

నా బిడ్డ వచ్చింది అలాంటి బంద్ రోజే.

ఆ రోజు మా గేటు ముందు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా షామియానా వేసి, రాళ్ళపొయ్యిలు పెట్టి, అక్కడే వండుకొని అక్కడే తినడం. కొట్లాటలో అదొక తీరు. చుట్టుపక్కల బస్తీల ఆడవాళ్ళు పొద్దున్నే బియ్యం, పప్పు, కట్టెలు తెచ్చుకొని కూర్చున్నారు. పాటలు, నవ్వులు. మా గేటుకు లోపలివైపు గొలుసు, తాళం. మేమిద్దరం ఊచల వెనక నిలబడి చూస్తున్నాం.

ఎండ ఎక్కుతుంటే, ఆ పొయ్యిల పక్క నుంచి అల్లుడు కనబడ్డాడు. నెత్తి మీద సంచి. వెనకాలే, నడుము మీద చెయ్యి పెట్టుకొని నా బిడ్డ. తొమ్మిదో నెల. సమ్మెతో పని ఆగిపోయి షెడ్లలో వాళ్ళంతా ఊళ్ళకు పోయారట. నీళ్ళ ట్యాంకరు రావడం లేదట. దాన్ని ఒక్కదాన్నీ అక్కడ ఉంచడానికి అల్లుడికి భయమేసింది. సందుల్లో తిరిగే ఆటో ఒకటి గచ్చిబౌలి దాకా తెచ్చి దింపేసింది. అక్కడ్నుంచి నడక.

“అమ్మా, గేటు తియ్యే. కాళ్ళు గుంజుతున్నయి” అంది.

“తాళం మా దగ్గర లేదు బిడ్డా. జర ఆగు, తెస్త.”

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి అయిదో అంతస్తులో ప్రెసిడెంటు సారింటికి పోయాను. తలుపు గొలుసు తీయకుండానే మేడమ్ సందులోంచి చూసి, నేనని తెలిశాక తీసింది. లోపల కిటికీ తెరలన్నీ మూసి ఉన్నాయి. టీవీలో ఎక్కడో బస్సు కాలుతోంది. ప్రెసిడెంటు సారు సోఫా అంచున కూర్చున్నారు.

“సార్, నా బిడ్డ వచ్చింది. గేటవతల నిలబడ్డది. ఒక్క నిమిషం తాళం ఇయ్యుండ్రి, తీసి మళ్ళ వేస్తం.”

“ఇప్పుడా? కింద అంతమంది ఉన్నారు కదమ్మా.”

“వాళ్ళు వంట చేసుకుంటున్నరు సార్.”

“ఇప్పుడు వంట చేస్తున్నారు. తెరిస్తే నీ కూతురొక్కతే వస్తుందని ఏంటి నమ్మకం?”

“ఏవండీ, కడుపుతో ఉన్న పిల్లండీ పాపం” అంది మేడమ్.

“నాకు తెలియదా? ఇందులో ఇన్ని కుటుంబాలున్నాయి. రేపు ఏదైనా జరిగితే ఎవరిని అడుగుతారు, నిన్నా నన్నా? అమ్మా, ఆ పిల్లను కాసేపు నీడలో కూర్చోమను. అవసరమైతే అంబులెన్సుకి నేనే ఫోన్ చేస్తాను.”

మాట్లాడుతూనే ఆయన లేచి, మూసి ఉన్న తెరను ఇంకాస్త దగ్గరికి లాగారు. అది చూశాను. అప్పటిదాకా పెద్దవాడు బలం ఉంది కాబట్టి గట్టిగా ఉంటాడనుకునేదాన్ని. ఆయనకు భయమని ఆ రోజు తెలిసింది. నటన కాదు, నిజమైన భయం. భయపడే మనిషిని ఎలా తిడతాం? కానీ ఆయన భయాన్ని మోస్తున్నది నా బిడ్డ, అక్కడ ఎండలో, ఇద్దరి బరువుతో.

కిందికొచ్చేసరికి బిడ్డ గేటు దగ్గర లేదు. వంట చేస్తున్న ఆడవాళ్ళు షామియానా కిందకు తీసుకుపోయి, చాప వేసి కూర్చోబెట్టారు. ఒక ముసలామె దాని అరికాళ్ళకు నూనె రాస్తోంది.

“ఎవలి బిడ్డవే? గిట్ల రోడ్డు మీద దిరుగుతవా తొమ్మిదో నెలల?”

నా బిడ్డ చెయ్యెత్తి నన్ను చూపించింది. అందరూ గేటు వైపు తిరిగారు.

“గా ఊచలెనక ఉన్నామెనా? ఏమ్మా, నువ్వు గూడ రా, కలిసి తిందాం.”

“తాళం పైన సారు దగ్గరుంది” అన్నాను.

“వాచ్‌మన్ ఇంట్ల తాళం లేదా? మరి నువ్వు దేనికి కాపల అన్నా?” అని ఒకామె నా పెనిమిటిని అడిగింది. అందరూ పకపకా నవ్వారు. ఆయన తలవంచుకొని పక్కకు పోయాడు.

దానికి వేడివేడిగా పప్పన్నం పెట్టారు. తిన్నాక ఆ ముసలామె, “ఒడి నింపిన్రా నీకు?” అని అడిగింది. లేదని తల ఊపింది నా బిడ్డ. “ఇగ ఎప్పుడు నింపుతరే?” అంటూ బియ్యం సంచి దగ్గరికి లాగింది. పసుపు ఎవరి సంచిలోనో దొరికింది. తమలపాకులు ఒకామె నమలడానికి తెచ్చుకున్నవి. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నా బిడ్డ కొంగులో బియ్యం పోస్తుంటే నేను లోపల నిలబడి చూశాను. అందరూ పోశాక ఆమే దాన్ని లేపి, నడిపించుకుంటూ గేటు దగ్గరికి తెచ్చింది. నా దోసిట్లో బియ్యం పోసింది. ఊచల సందులోంచి చేతులు చాపి, నా బిడ్డ ఒడిలో పోశాను. సందు ఇరుకు. దోసిలి పట్టలేదు. ఒక్కొక్క పిడికిలే పోయాల్సి వచ్చింది.

పొద్దు వాలేసరికి వాళ్ళు పొయ్యిలు ఆర్పి, బూడిద ఎత్తి, రోడ్డు ఊడ్చి వెళ్ళిపోయారు. అప్పుడు ప్రెసిడెంటు సారు తాళంచెవి పట్టుకొని దిగొచ్చి గేటు తీశారు. ముఖం తేటపడింది.

“చూశావా? ఏ గొడవా జరగలేదు. గేటు మూసి ఉండబట్టే కదా.”

వాళ్ళు పొద్దంతా మా గేటును ఒక్కసారి తోసి కూడా చూడలేదని చెప్పాలనుకున్నాను. చెప్పినా లాభం లేదు. ఏమీ జరగకపోతే తాళం కాపాడిందంటారు. ఏదైనా జరిగితే ఇంకో తాళం కావాలంటారు. ఆయన తప్పని తేలే దారే లేదు.

అగ్రరాజ్యం చేసేది న్యాయమేనా అని నన్ను ఎవరైనా అడిగితే నేను ఆ సాయంత్రాన్నే చెబుతాను. తర్వాత చాలా పేపర్లు చదివాను. అది ఒక దేశం మీద బాంబు వేసిన వార్త చదివాను, ఇంకో దేశానికి గోధుమలు పంపిన వార్తా చదివాను. రెండూ నిజమే అయి ఉంటాయి. సంపు కడిగించిన చెయ్యీ, తాళం వేసిన చెయ్యీ ఒక్కటే కదా. పెద్దవాడు మంచివాడా చెడ్డవాడా అనేది నేను తేల్చలేను. కానీ నా మంచి ఏమిటో నన్ను అడగకుండా తేల్చే అధికారం, ఎంత మంచివాడికైనా, ఎంత భయపడ్డవాడికైనా, న్యాయం కాదు. ఈ ముక్క ఆ రోజు గేటు దగ్గర నిలబడి అనలేకపోయాను. అంటే గది పోతుంది.

ప్రెసిడెంటు సారు నా బిడ్డను చూశారు. ఒడిలో బియ్యం మూట, కాళ్ళకు వాపు. ఆయన మనసు కరిగింది. నిజంగానే కరిగింది.

“సరే అమ్మా, కాన్పు అయ్యేదాకా ఉండనివ్వు. మీటింగులో నేను చెప్పుకుంటాలే. కాకపోతే కొన్ని మాటలు. అల్లుడు ఉండటానికి లేదు. బట్టలు బయట ఆరెయ్యొద్దు. బిడ్డకి సాంబ్రాణి పొగ అదీ పెడతారు మీరు, అది మాత్రం వద్దు. కార్లలో పెట్రోలు ఉంటుంది.”

“అమ్మా, నేను నిజాంపేటకే పోత” అంది నా బిడ్డ మెల్లగా.

అల్లుడు రోడ్డు వైపు చూశాడు. ఆ రోడ్డు మీద ఒక్క బండి లేదు. అక్కడ షెడ్డులో చుక్క నీళ్ళు లేవు. సంచి నా చేతికిచ్చాడు.

“మీ దయ సార్” అన్నాను.

బిడ్డ నా ముఖం వైపు ఒకసారి చూసి, లోపలికొచ్చింది.

కొండాపూర్ సర్కారు దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. పచ్చి బాలింతను ఆ గదికే తెచ్చుకున్నాం. తడిబట్టలు గదిలోపలే దండెం కట్టి ఆరేశాం. అవి ఆరేవి కావు, గదంతా ముక్కిన వాసన. మోటారు తిరిగినప్పుడల్లా పసిది ఉలిక్కిపడి లేచేది. ప్రెసిడెంటు సారు మేడమ్‌తో వచ్చి మెత్తటి కొత్త బట్టలిచ్చి, పసిదాని వేలు పట్టుకొని ఆడించారు. “మన అపార్టుమెంటు పిల్ల. నేనే ఉండమన్నాను” అని వచ్చినవాళ్ళకల్లా చెప్పారు. అందులో అబద్ధం ఏముంది?

ఒకరోజు పొద్దున, గదిలోనే మూలకు పీట వేసుకొని, కాళ్ళు చాపి, పసిదానికి నీళ్ళు పోస్తున్నాను. పొగ వేయడానికి లేదు కాబట్టి తల తొందరగా తుడవాలి. బిడ్డ చెంబుతో నీళ్ళందిస్తూ అంది.

“అమ్మా, మళ్ళ కాన్పుకు గూడ ఆయన్నే అడుగుతవా?”

“మళ్ళ కాన్పు మీ అత్తగారింట్లనే. తొలిదే మనది.”

“కాన్పు సంగతి కాదే. రేపు ఏదన్న కావాల్నంటే. అడుగుతవా?”

పసిదాని తల అరచేతిలో పట్టుకొని, చెవుల్లోకి నీళ్ళు పోకుండా వంచాను. బయట ఎవరిదో కారు వచ్చింది. తలుపు కింది నుంచి లైటు వచ్చి, మా ముగ్గురి మీదుగా పోయింది.

“అడగకుంటే ఏడికి పోతం?” అన్నాను. “నీళ్ళియ్యి, సల్లగైతున్నయి.”